ఏటిగట్టు పనుల దగ్గర నీళ్ళూ గాలీ పిట్టలూ కొలవడం: నా అనుభవం

కిందటేడు నవంబరు చివర్లో మా లాబ్‌కి ఒక పని వచ్చింది. రాజోలు దీవిలో వశిష్ఠ గోదావరి ఏటిగట్టు కొంత దూరం బలహీనంగా ఉంది. దాన్ని ఎత్తు పెంచి, వెడల్పు చేసి, నది కోసేస్తున్న చోట రాయి పేరుస్తారు. ఆ పని జరిగినంత కాలం నీళ్ళు, గాలి, శబ్దం, చెట్లు, పిట్టలు, చేపలు ఎలా ఉన్నాయో చూసి రాసివ్వాలి. ఫీల్డ్ మనిషిగా నన్ను పంపారు, ఈ ఆగస్టు దాకా అక్కడే తిరిగాను. ఇలాంటి పని లోపల ఏం జరుగుతుందో ఎవరైనా రాస్తే చదువుదామని చాలా వెతికాను, దొరకలేదు. గట్టు కింద ఊళ్ళవాళ్ళకీ, ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ళకీ పనికొస్తుందని గుర్తున్నదంతా రాస్తున్నాను. కాంట్రాక్టరు పేరు, ఊరి పేరు రాయను.

మొదట చెప్పాల్సింది ముందు కొలత గురించి. మేం బేస్‌లైన్ అంటాం. పని మొదలుకాకముందు ఆ చోట నీళ్ళెలా ఉన్నాయి, గాలెలా ఉంది, ఏ చెట్లున్నాయి అని కొలిచి పెట్టుకోవాలి. అది లేకపోతే తర్వాత ఎన్నిసార్లు కొలిచినా దేనితో పోల్చాలి? ఒప్పందం ప్రకారం డిసెంబరంతా ముందు కొలతకే. కానీ కాగితాలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరిగి మాకు వర్క్ ఆర్డరు చేతికొచ్చేసరికి సంక్రాంతి దగ్గరపడింది. పండగ అయ్యాక వెళ్ళి చూస్తే గట్టు మీద అప్పటికే పొక్లెయిన్ దిగి ఉంది. పై చివర పచ్చిక, పొదలు అన్నీ గీకేసి మట్టి పరిచేశారు. నిజంగా ఏడుపొచ్చినంత పనైంది. ఆ ముక్కలో ఏమేం ఉండేవో ఇంక ఎవరూ చెప్పలేరు.

సైటు సూపర్‌వైజరు మంచివాడే, టీ ఇప్పించాడు, ఇప్పించి, "డిసెంబరు డేటు వేసేయండి సార్, ఏముంది, అవే నీళ్ళు కదా" అన్నాడు. అవే నీళ్ళు కావు. వేయనని చెప్పాను. లాబ్‌లో మా సార్ కూడా నన్నే సమర్థించారు, అది లేకపోతే నా ఉద్యోగం సంగతి ఏమయ్యేదో. ఇంకా పొక్లెయిన్ చేరని కింది చివర ఉరుకులు పరుగుల మీద ముందు కొలతలు తీశాం. పై చివరకి మాత్రం "పని మొదలైన తర్వాత తీసినవి" అని తేదీతో సహా రిపోర్టు మొదటి పేజీలోనే రాశాం. దాని మీద రెండు వారాలు ఉత్తరాలు నడిచాయి, చివరికి అలాగే ఉంచారు.

నీళ్ళ సంగతి. మాకిచ్చిన ఫారంలో రెండు గడులుంటాయి: పని జరిగే చోటుకి ఎగువన ఒక బాటిల్, దిగువన ఒక బాటిల్. ఎగువ నీళ్ళు శుభ్రం, పని వల్ల వచ్చిన బురద దిగువ బాటిల్లో కనిపించాలి, ఆ తేడాయే పని ప్రభావం అని లెక్క. నేను రాజమండ్రి వాణ్ణి, మా దగ్గర గోదావరి ఒకవైపే పోతుంది, ధవళేశ్వరం ఆనకట్ట దాటి సముద్రప్పోటు పైకి రాదు కదా. రాజోలు దీవి దగ్గర అలా కాదు. వానాకాలం పోయి ఆనకట్ట నుంచి కిందికి నీళ్ళు తగ్గాక అక్కడ నదిని నడిపేది సముద్రమే. రోజుకి రెండుసార్లు పోటు (సముద్రం నీరు పైకి తోసుకురావడం), రెండుసార్లు పాటు (అది మళ్ళీ వెనక్కి పోవడం).

మొదటి రోజు పడవ నడిపిన పెద్దాయన (బాబాయ్ అని పిలిచేవాణ్ణి) నా ఫారం చదివించుకుని అన్నాడు, "ఎగువ, దిగువ అంటే ఎప్పటికి బాబూ? ఇప్పుడు పోటు మీదుందండి. ఏరు పైకెళ్తుంది. మీరు దిగువన్న చోట మంచినీళ్ళుంటాయి, బురదంతా మీ ఎగువకే పోతుందండి."

అదే జరిగింది. పొక్లెయిన్ గట్టు అడుగున తవ్వుతుంటే కలిగిన బురద పోటుతో పాటు పైకి పాకి, ఎగువ బాటిల్లో మసక (నీళ్ళు ఎంత బురదగా ఉన్నాయో చెప్పే కొలత) దిగువ బాటిల్ కంటే రెట్టింపు పైగా వచ్చింది. ఆ అంకెలు ఫారంలో ఉన్నది ఉన్నట్టు నింపి పంపితే చదివినవాళ్ళకి పని వల్ల నది శుభ్రపడినట్టు కనిపిస్తుంది! ఉప్పుదనం కూడా అంతే, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒకే రేవు దగ్గర పొద్దున తీసిన నీళ్ళకీ మధ్యాహ్నం తీసిన నీళ్ళకీ పోలికే లేదు. అందుకని బాబాయ్ మాట ప్రకారం పద్ధతి మార్చాం. ప్రతిసారీ పాటు మీద, నీరు సముద్రం వైపు లాగుతున్నప్పుడు ఒక జత, పోటు మీద ఇంకో జత, ఫారంలో కొత్త గడి గీసి ఏది ఏ వేళదో రాయడం. పోటు వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, పౌర్ణమి, అమావాస్యలకి పెద్ద పోటు, సప్తమి, అష్టములకి చిన్నది. కాబట్టి నా పని షెడ్యూలు ఆఫీసు క్యాలెండరు చూసి కాక, బస గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్లో తిథి చూసి వేసుకునేవాణ్ణి. ఒక్కోసారి తెల్లవారుజామున 4కే రేవులో ఉండాలి.

ఇంకో ఇబ్బంది నీళ్ళు లాబ్‌కి చేర్చడం. నీటిలో కరిగిన ఆక్సిజన్ చూసే సీసాలో పడవలోనే రెండు మందులు కలిపి మూత బిగించాలి, అడుగున గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా దిగితే లేనట్టు. మిగతా బాటిళ్ళు ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు రాజమండ్రి పంపాలి, అక్కడ బీఓడీ (నీళ్ళలోని మురికిని కుళ్ళబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) పరీక్షకి 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచుతారు. ఐసు దొరకడం పెద్ద పని అనుకోలేదు, కానీ వేసవిలో రొయ్యల పట్టుబడులున్న రోజుల్లో ఐసంతా చెరువుల వాళ్ళే ఎత్తుకుపోతారు, మనకి ఒక్క దిమ్మ కూడా మిగలదు. ముందు రోజు రాత్రే డబ్బులిచ్చి చెప్పి ఉంచాలి. పడవకి పూటకి 600, ఐసుకి వందా నూట యాభై, బస్టాండు దాకా ఆటో, పెట్టె ఎక్కించుకోనన్న కండక్టర్ని బతిమాలుకోవడం. ఇవన్నీ ముందు జేబులోంచి పెట్టుకోవాలి, లాబ్ బిల్లు పాసయ్యేసరికి నెలన్నర పట్టేది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు కనీసం పదివేలు చేతిలో పెట్టుకుని రండి.

గాలి కొలిచే మిషను 24 గంటలు ఆగకుండా నడవాలి. సైటులో కరెంటు లేదు, జనరేటరు పక్కన పెడితే దాని పొగే ఫిల్టరు కాగితంలోకి వస్తుంది. గట్టు పక్క ఇంటామెను అడిగి వాళ్ళ డాబా మీద పెట్టాం, రోజుకి వంద ఇస్తానంటే మీటరు ఎక్కువ తిరుగుతుందని రెండొందలు తీసుకుంది, భోజనం మాత్రం డబ్బు తీసుకోకుండా పెట్టింది. సన్న దుమ్ము పీఎం10కి మన దేశంలో 24 గంటల హద్దు ఘనపు మీటరు గాలికి 100 మైక్రోగ్రాములు. టిప్పర్లు తిరిగిన రోజుల్లో అది దాటింది, ట్యాంకరుతో నీళ్ళు కొట్టిన రోజుల్లో దాటలేదు, తేడా అంత స్పష్టంగా ఉంది. ఒకరోజు పని లేకపోయినా దాటింది, చూస్తే పక్క తోటలో రాత్రంతా కొబ్బరి మట్టలు కాల్చారు. లాగ్ పుస్తకంలో ఇలాంటివి రాయకపోతే ఆ అంకె జీవితాంతం కాంట్రాక్టరు ఖాతాలో పడుతుంది. అతని మీద నాకు కోపం ఉంది కానీ చేయని తప్పు అంటగట్టకూడదు.

శబ్దం గురించి ఎక్కువ చెప్పను. రాత్రి 10 దాటితే ఇళ్ళున్న చోట హద్దు 45 డెసిబెల్స్, ఒక్క టిప్పరు గేరు మారిస్తే చాలు అది దాటడానికి. జనం గొడవ చేశాక రాత్రి లోడింగ్ ఆపారు. చెట్లకి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకునే కొట్టారు, ప్రతి చెట్టుకీ రంగుతో నంబరు వేసి నేనే లెక్కరాశాను, తాళ్ళు, తుమ్మలు, రెండు పెద్ద వేపలు. వేపల దగ్గర ఎవరో ముందు రోజు పసుపు కుంకుమ పెట్టారు.

అన్నిటికంటే నన్ను కదిలించింది పిట్టల సంగతి.

ఫిబ్రవరి చివర్లో నదిలోంచి గట్టు వైపు ఫొటోలు తీస్తుంటే, నది నిలువుగా కోసేసిన చోట, కింద నల్లమట్టి, పైన నల్లమట్టి, మధ్యలో ఒక బారెడు మందాన సన్న ఇసుక పొర కనిపించింది. ఆ పొర పొడవునా పిడికిలంత బొరియలు. కాసేపు పడవ ఆపి కూర్చుంటే వచ్చాయి. ఆకుపచ్చ ఒళ్ళు, నీలం తోక, కంటికి అడ్డంగా నల్ల గీత, తోక మధ్యలోంచి సూదిలా రెండు ఈకలు. తేనెటీగలనీ తూనీగలనీ గాలిలోనే పట్టి తినే పిట్టలు ఇవి. ఒకటి తూనీగని ముక్కున పట్టుకొచ్చి కొమ్మకేసి రెండుసార్లు కొట్టి, బొరియ ముందు వాలి నిలబడ్డదానికి అందించింది. రెండోది కాళ్ళతో ఇసుక వెనక్కి చిమ్ముతూ లోపలికి దూరింది. మీటరుకి పైగా లోపలికి తవ్వుతాయట. నలభై పైచిలుకు బొరియలు లెక్కపెట్టాను. అదే వరసలో లకుముకి పిట్టలవి కూడా రెండు ఉన్నాయి.

ప్లాను తీసి చూస్తే, రాయి పేర్చడం ఏప్రిల్లో మొదలయ్యేది సరిగ్గా ఆ చోటనుంచే. నది ఎక్కువగా కోస్తున్నదీ అక్కడే మరి. పిట్టలకి కావలసిన నిలువు కోత, గట్టుకి ప్రాణాపాయమైన కోత, రెండూ ఒకటే. గుడ్లు పెట్టి పిల్లలు ఎగిరిపోయేసరికి జూన్ వస్తుంది. జులైలో ఎర్రనీరు, అంటే కొత్త వరద, వస్తుంది.

రిపోర్టు ఇచ్చాం. మార్చి రెండో వారంలో పంచాయతీ దగ్గర మీటింగు పెట్టారు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు, కాంట్రాక్టరు మనిషి, ఊరివాళ్ళు, నేను. ఒక ముసలమ్మ లేచి సూటిగా నన్నే అడిగింది, "పిట్టల కోసం గట్టాపుతారా నాయనా? ఎనభయ్యారులో ఈ గట్టు మీదే గొడ్లతో, పిల్లలతో వారం కూర్చున్నాం. తెల్లారేసరికి ఇళ్ళు లేవు." నా దగ్గర సమాధానం లేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పైగా వచ్చింది, మా అమ్మమ్మ వాళ్ళది గౌతమి పక్కన లంక, ఆ రాత్రుల కథ వింటూ పెరిగినవాణ్ణే నేనూ. మొన్న 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు కూడా ఈ ఊళ్ళో మగవాళ్ళంతా ఇసుక బస్తాలు మోశారు. అలాంటివాళ్ళ ముందు పిట్టల గురించి మాట్లాడటానికి నోరు రాలేదు. అయినా మాట్లాడాను. గట్టు ఆపమనట్లేదమ్మా, ఈ వంద మీటర్లు ఆఖరున చేయమంటున్నాను అన్నాను.

దారి చూపింది ఏఈ గారే. రాయి పేర్చడం రెండో చివర నుంచి మొదలుపెట్టి ఇటు వద్దాం, ఈ ముక్కకి కావలసిన రాయి, కింద పరిచే ఫిల్టరు గుడ్డ ముందే తెచ్చి పక్కన పెట్టుకుందాం, జూన్ 15 గడువు, ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఆగేది లేదు అన్నారు. ఊరివాళ్ళు సణిగారు గానీ ఒప్పుకున్నారు. ఆ మూడు నెలలు నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఒక వైపు పిట్టలు ఇంకా ఉన్నాయా అని, ఇంకో వైపు వరద ముందే వస్తే ఏమవుతుందా అని టెన్షన్. వెళ్ళిన ప్రతిసారీ ముందు అక్కడికే వెళ్ళేవాణ్ణి. మే నెలలో బొరియల్లోంచి పిల్లల ముక్కులు కనిపించేవి. ఒకసారి ఎవరో కుర్రాళ్ళు కర్రతో పొడుస్తుంటే ఆ ముసలమ్మే కేకలేసి తరిమిందని బాబాయ్ చెప్పాడు.

జూన్ రెండో వారానికి చాలా బొరియలు ఖాళీ. మూడింటిలో ఇంకా రాకపోకలున్నాయి. గడువు గడువే. ఆ మూడూ ఉన్న ముక్కని ఆఖరి నాలుగు రోజులకి వదిలి మిగతాది మొదలుపెట్టారు, ఆ నాలుగు రోజుల్లో రెండు ఖాళీ అయ్యాయి. మూడోదాని మీద రాయి పడింది. రిపోర్టులో అది కూడా రాశాను.

ఈలోపు వానలు పట్టుకున్నాయి, టిప్పర్లు గట్టెక్కలేకపోయాయి, ఎర్రనీరు వచ్చేసరికి ఆ చోట ఇంకా కొంత దూరం రాయి పడకుండా మిగిలిపోయింది. దాన్ని ఇసుక బస్తాలతో కప్పారు. ఎర్రనీరు వచ్చాక నా మసక కొలతలకి అర్థం లేదు, నది మొత్తం బురదే, అందులో గట్టు పని బురద ఎంతో ఏ మిషనూ విడదీయలేదు. పులస వలల వాళ్ళ దగ్గర కూర్చుని ఎంత పడుతోంది, ఎక్కడ పడుతోంది అని రాసుకోవడమే అప్పుడు మిగిలిన పని. వాళ్ళు అడగగానే చెప్పరు, నాలుగు రోజులు టీ తాగాక చెప్తారు.

ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, అంటే 10 లక్షల క్యూసెక్కులు. బస ఖాళీ చేసి వచ్చేయమని ఇంటి నుంచి ఒకటే ఫోన్లు. నేను రాలేదు, రాలేకపోయాను, ఆ బస్తాలున్న చోటు నా మాట వల్లే అలా మిగిలింది మరి. అక్కడ కొంత మట్టి జారింది కానీ బస్తాలు నిలబడ్డాయి. భయపెట్టింది వేరే చోట. ఎప్పుడో కొట్టేసిన తాటి మొద్దు దగ్గర, గట్టుకి ఊరి వైపున, నేలలోంచి నీరు ఉబికింది. బుంగ. లస్కరు (గట్టుని కనిపెట్టుకునే ఉద్యోగి) వచ్చి లైటు వేసి చూసి, నీళ్ళు తేటగా వస్తే పర్వాలేదు, మట్టి తెస్తుంటే మాత్రం గట్టు లోపల కరిగిపోతున్నట్టు అని చెప్పి, దాని చుట్టూ బస్తాలతో బావిలా కట్టించాడు. లోపల నీరు నిలిచి పైకి లేస్తే ఒత్తిడి సర్దుకుంటుంది, పూర్తిగా మూసేస్తే ఇంకో చోట పొడుచుకొస్తుంది. చీకట్లో తేటో బురదో కంటితో చెప్పడం కష్టం. నా దగ్గర మసక కొలిచే మిషను ఉంది. ఆ రాత్రి గంట గంటకీ ఆ నీళ్ళు పట్టి అంకె చదివి లస్కరుకి చెప్పాను. రెండు గంటల ప్రాంతంలో ఒకసారి పెరిగింది, ఇంకో రెండు వరసల బస్తాలు వేశారు, తెల్లవారేసరికి తగ్గింది. ఆ మిషను కొన్నప్పటి నుంచి దాని అంకె కోసం అంతమంది నోళ్ళు మూసుకుని ఎదురుచూడటం అదే మొదలు.

ఇక రిపోర్టులు. ఊరివాళ్ళు కాపీ అడిగారు. మేం ఇవ్వలేం, డబ్బు కట్టినవాళ్ళదే రిపోర్టు అని ఒప్పందంలో ఉంది. సమాచార హక్కు కింద అడగండి, ఇలా రాయండి అని మాత్రం చెప్పాను. ఒక కుర్రాడు రాశాడు. 30 రోజుల్లో రావాలి, దాటింది, మళ్ళీ అప్పీలు పెట్టాక వచ్చింది. వచ్చినదాంట్లో అంకెల పట్టికలు ఉన్నాయి, ఫొటోలు, లాగ్ పుస్తకం పేజీలు లేవు. కొబ్బరి మట్టల సంగతి, పోటు పాటుల సంగతి ఉండేది లాగ్ పుస్తకంలోనే, అవి లేకుండా అంకెలు చదివితే తప్పుగా అర్థమవుతుంది. మీ ఊళ్ళో ఇలాంటి పని జరిగితే దరఖాస్తులోనే ఫీల్డ్ లాగ్, ఫొటోలు, ముందు కొలత తీసిన తేదీలు కావాలని విడిగా రాయండి. ముందు కొలత తేదీ, పని మొదలైన తేదీ పక్కపక్కన పెట్టి చూస్తే సగం కథ అక్కడే తెలిసిపోతుంది.

వరద తగ్గాక మిగిలిన రాయి వేస్తామన్నారు. నవంబరులో అవే రేవులు, అవే తిథుల్లో మళ్ళీ నీళ్ళు తీయాలి, ఏ మెట్టు దగ్గర ముంచానో రంగుతో గుర్తులు పెట్టి వచ్చాను, నేను కాక ఇంకెవరు వెళ్ళినా తెలిసేలా. ఎదుటి లంక ఒడ్డున రాయి వేయని కోత ఒకటి ఉంది, ఫిబ్రవరిలో ఆ పిట్టలు అక్కడికి మారతాయేమో చూడాలి. మా ఒప్పందం డిసెంబరుతో అయిపోతుంది. ఇంకో ఏడాది చూడటానికి అనుమతి, దానికయ్యే పడవ ఖర్చు అడుగుతూ సెప్టెంబరు మొదట్లో ఉత్తరం పెట్టాం, ఇంకా జవాబు రాలేదు.